రెండరింగ్ బాగుంది, మూత మాత్రం పట్టలేదు: త్రీడీ మోడలింగ్, ఫ్యాబ్రికేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు చెప్పిన పరిస్థితి ఇది. మొదటి సంవత్సరం డిజైన్ విద్యార్థులు 30 మంది. చేతిలో ఒక సెమిస్టర్, రెండు త్రీడీ ప్రింటర్లు, ఒక లేజర్ కట్టర్. పోయినసారి సగం సెమిస్టర్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికే సరిపోయింది. స్క్రీన్ మీద బొమ్మలు, అంటే రెండరింగ్‌లు, చాలా బాగా వచ్చాయి కానీ, తయారీ (ఫ్యాబ్రికేషన్) దగ్గరికి వచ్చేసరికి మూత డబ్బాకి పట్టలేదు, పలచటి గోడలు విరిగాయి, కొన్ని ఫైళ్లు అసలు ప్రింటే కాలేదు. ఈసారి ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి, ఏ వరుసలో నేర్పాలి, కంప్యూటర్ ఆదేశాలతో చెక్కని కోసే సీఎన్‌సీ రౌటర్ కూడా కొనాలా అని అడిగారు.

చాలా ఏళ్లుగా ఈ పాఠమే చెబుతున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను. సాఫ్ట్‌వేర్ ఏది అన్నది రెండో ప్రశ్న. ముందు మార్చాల్సింది వరుస. మోడలింగ్ అంతా నేర్పేసి తర్వాత తయారీలోకి వెళ్దాం అనుకుంటే, మీకు జరిగిందే ఎవరికైనా జరుగుతుంది. మొదటి వారంలోనే ప్రతి విద్యార్థీ తాను గీసినదాన్ని చేత్తో పట్టుకోవాలి. అది ఇంకోదానికి పట్టిందా, వదులైందా అని తనే చూడాలి. గీత ఎంత చిన్నదైనా ఫరవాలేదు, మెషీన్ దాకా వెళ్లి రావాలి.

ఎందుకంటే స్క్రీన్ మీద వస్తువుకి మూడు గుణాలు ఉండవు: పరిమాణం, మందం, బరువు. మౌస్ చక్రం తిప్పితే ఉంగరం ఇల్లంత అవుతుంది, ఇల్లు ఉంగరమంత అవుతుంది. కళ్లకి రెండూ ఒకటే. మందమే లేని ఉపరితలం కూడా రెండరింగ్‌లో గట్టి గోడలాగే కనిపిస్తుంది. గాలిలో వేలాడే భాగం కింద పడదు. రెండు భాగాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినా ఎవరూ అడ్డు చెప్పరు. విద్యార్థి తెలివితక్కువవాడు కాదు, అతనికి ఎదురుచెప్పేది ఏదీ అక్కడ లేదు, అంతే. ఆ ఎదురుచెప్పే పని పదార్థం చేస్తుంది. దాన్ని ఎంత త్వరగా తరగతిలోకి తెస్తే అంత మంచిది.

అందుకే మొదటి క్లాసులో కంప్యూటర్ కన్నా ముందు డిజిటల్ క్యాలిపర్, అంటే రెండు దవడల మధ్య వస్తువుని పట్టి కొలిచే పనిముట్టు, చేతికివ్వండి. ఒక పెన్ను మూత, ఒక సీసా మూత, ఒక అగ్గిపెట్టె, ఏదైనా సరే కొలవమనండి. అంచనా ముందు రాయాలి, కొలత తర్వాత రాయాలి. 2 మిల్లీమీటర్లు అంటే ఎంతో, 0.5 అంటే ఎంతో వేళ్లకి తెలియడం ఈ కోర్సుకి పునాది. ఒకే వస్తువుని ముగ్గురు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. అప్పుడు టాలరెన్స్, అంటే కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చు అన్నదాని గురించి వేరే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, అది వాళ్ల కాగితాల మీదే ఉంటుంది.

తర్వాత మెషీన్. ఇక్కడ చాలామంది త్రీడీ ప్రింటర్‌తో మొదలుపెడతారు, పేరులో త్రీడీ ఉంది కదా అని. నేను లేజర్ కట్టర్‌తో మొదలుపెట్టమంటాను. కారణం సమయం. చిన్న ముక్క ప్రింటవడానికి గంట పడుతుంది, అదే సైజు ముక్కని లేజర్ కొన్ని నిమిషాల్లో కోస్తుంది. ఒకే క్లాసులో గీసి, కోసి, తప్పు చూసి, దిద్ది, మళ్లీ కోసే వీలుంది. నేర్చుకోవడం అంతా ఆ రెండో కోతలోనే జరుగుతుంది. పైగా కావాల్సింది రెండు కొలతల గీతే కాబట్టి సాఫ్ట్‌వేర్ భయం ఉండదు.

మొదటి అభ్యాసం ఒక గేజ్, అంటే ఏ కొలత సరిగ్గా పడుతుందో చూసే పరీక్ష ముక్క. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన పలక) ముక్క అంచున వరసగా గాళ్లు కోయించండి. మొదటిది 2.5 వెడల్పు, తర్వాతది 2.6, అలా 3.2 దాకా. అదే షీటు ముక్కని ఒక్కో గాడిలో దూర్చి చూడమనండి. రెండు విషయాలు వాళ్లే కనుక్కుంటారు. ఒకటి, 3 మిల్లీమీటర్లని అమ్మిన షీటు నిజంగా 3 ఉండదు, 2.7 ఉండొచ్చు, 3.1 ఉండొచ్చు, ఒకే షీటులో ఆ చివరకీ ఈ చివరకీ తేడా ఉండొచ్చు. రెండు, లేజర్ కిరణం కొంత పదార్థాన్ని కాల్చేస్తుంది. దాన్ని కెర్ఫ్ అంటారు. సాధారణంగా 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పదార్థాన్నిబట్టి, లెన్స్ ఫోకస్‌నిబట్టి మారుతుంది. 3.0 అని గీసిన గాడి కోశాక 3.15 అయితే, అందులో 2.8 షీటు ఊగుతుంది. పోయినసారి మీ విద్యార్థుల మూతలు డబ్బాకి పట్టకపోవడానికి ఇదే కారణం అయ్యుండాలి. ఏ గాడి బిగువుగా పట్టిందో ఆ అంకె నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ అంకె వాళ్ల సొంతం. ఆ మెషీన్‌కి, ఆ షీటుకి తప్ప ఇంకెక్కడా పనికిరాదని కూడా చెప్పాలి.

రెండో అభ్యాసంలో జిగురు లేకుండా నిలబడే డబ్బాయో స్టాండో చేయించండి. ఇక్కడే పారామెట్రిక్ మోడలింగ్ లోపలికి వస్తుంది, పిలవకుండానే. షీటు మందాన్ని ఒక పేరున్న విలువగా, అంటే పారామీటర్‌గా పెట్టి, ప్రతి గాడీ, అందులో దూరే ప్రతి పన్నూ ఆ విలువని చూసి నడిచేలా గీయమనండి. డబ్బా అయిపోయాక 5 మిల్లీమీటర్ల షీటు చేతికిచ్చి అదే ఫైలుతో మళ్లీ కోయమనండి. సరిగా గీసినవాడు ఒక్క అంకె మార్చి లేస్తాడు. చేత్తో అంకెలు కొట్టినవాడు మొత్తం మళ్లీ గీయాలి. పారామీటర్ ఎందుకో ఆ రోజు తర్వాత ఎవరూ అడగరు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి. స్థూలంగా మూడు కుటుంబాలు. ఫ్యూజన్, ఫ్రీక్యాడ్, సాలిడ్‌వర్క్స్ లాంటివి కొలతల మీద, చేసిన పనుల వరుస మీద నడిచే ఘనరూప మోడలర్లు. రైనో ప్రధానంగా వక్రరేఖలు, ఉపరితలాలతో పనిచేస్తుంది, దాంతో పాటు వచ్చే గ్రాస్‌హాపర్‌లో నియమాలతో ఆకారాలు పుట్టించవచ్చు. బ్లెండర్ త్రిభుజాలు, చతుర్భుజాల వలతో, అంటే మెష్‌తో పనిచేస్తుంది. వస్తువులు చేసే విద్యార్థులకి మొదటి కుటుంబం, భవన రూపాలకీ నగలకీ రెండోది, శిల్పంలాంటి రూపాలకీ యానిమేషన్ పాత్రలకీ మూడోది. మీకు ఉన్నది ఒక్క సెమిస్టరే కాబట్టి ఒక్కటే లోతుగా నేర్పండి. వస్తువులు అతకాలి అన్నది మీ బాధ కాబట్టి అది మొదటి కుటుంబం నుంచే ఉండాలి. మిగతా రెండూ ఒక్కో క్లాసులో చూపిస్తే చాలు, ఎప్పుడు వాటి దగ్గరికి వెళ్లాలో తెలిస్తే తర్వాత వాళ్లే నేర్చుకుంటారు. లైసెన్సు ఖర్చు అడ్డమైతే ఫ్రీక్యాడ్ చాలు.

ఏది ఎంచుకున్నా మెనూల పాఠం చెప్పొద్దు. ఏ బటన్ ఏం చేస్తుందో వరసగా చూపించే క్లాసు నాకు తెలిసినంతలో ఎవరికీ గుర్తుండదు. బదులుగా ఆలోచన నేర్పండి. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది కన్‌స్ట్రెయింట్. ఈ గీత ఆ గీతకి సమాంతరం, ఈ వృత్తం ఆ అంచుకి సరిగ్గా మధ్యలో, ఈ రెండు పొడవులూ సమానం అని చెప్పడం. ఇది కొత్త సంగతేం కాదు. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చేసిన డ్రాయింగ్ ప్రోగ్రాము స్కెచ్‌ప్యాడ్‌లోనే ఉంది. అయినా ఈ రోజుకీ విద్యార్థులు కంటికి ఆనేలా గీత లాగి వదిలేస్తారు. నేను పెట్టే పరీక్ష సులువైనది. విద్యార్థి మోడల్ తెరిచి, ఏదో ఒక ముఖ్యమైన కొలతని ఒకటిన్నర రెట్లు చేస్తాను. మోడల్ తట్టుకుని పెరిగితే పాసు. ఎర్ర గుర్తులతో కుప్పకూలితే, ఎందుకు కూలిందో ఇద్దరం కలిసి వెతుకుతాం. ఈ పరీక్ష ఉంటుందని ముందే చెప్తాను, అందుకోసమే వాళ్లు జాగ్రత్తగా గీయడం అలవాటు చేసుకుంటారు.

వంపుల విషయంలో ఒక్క నియమం: ఎంత తక్కువ కంట్రోల్ పాయింట్లతో (వంపుని లాగి పట్టే చుక్కలతో) గీస్తే వంపు అంత నునుపుగా వస్తుంది. మనం వాడే ఈ వక్రరేఖల గణితం కార్ల కంపెనీల్లో పుట్టింది. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియర్ బెజియే కారు ఒంటి వంపుల్ని అంకెల్లో పట్టుకోవడానికి వేర్వేరుగా తయారుచేసుకున్నారు. కొద్ది పాయింట్లతో పెద్ద వంపుని అదుపులో పెట్టడమే దాని ఉద్దేశం. విద్యార్థులు ఆకారం కుదరకపోతే ఇంకో పాయింట్ చేరుస్తారు, ఇంకోటి చేరుస్తారు, చివరికి అంచు అంతా గతుకులు. పాయింట్లు తీసేయమని చెప్పడం మొదట్లో వాళ్లకి వింతగా ఉంటుంది.

ఇక త్రీడీ ప్రింటర్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ ఆశలూ ఎక్కువ నిరాశలూ ఈ పెట్టె చుట్టూనే ఉంటాయి. మీ ప్రింటర్లు కరిగిన ప్లాస్టిక్‌ని పొర మీద పొరగా పేర్చే రకం అనుకుంటున్నాను. స్కాట్ క్రంప్ ఆ పద్ధతికి 1989లో పేటెంటుకి దరఖాస్తు చేశారు. 2009లో ఆ పేటెంటు గడువు తీరాక తక్కువ ధర ప్రింటర్లు వెల్లువెత్తాయి.

మొదట నేర్పాల్సింది, ముక్కని ఏ వైపు పడుకోబెట్టి ప్రింట్ చేస్తున్నాం అన్నది. ఒక చిన్న కొక్కెం మోడల్ చేయించండి. దాన్ని నిలబెట్టి ఒకటి, పక్కకి పడుకోబెట్టి ఒకటి ప్రింట్ చేయించి, రెండిటికీ బరువు వేలాడదీయండి. నిలబెట్టినది పొరల మధ్య పుటుక్కున విరుగుతుంది. పడుకోబెట్టినది చాలా ఎక్కువ మోస్తుంది. ఆకారం ఒకటే, పదార్థం ఒకటే, బలం వేరు. డిజైన్ అంటే ఆకారం మాత్రమే కాదని దీనికన్నా బాగా చెప్పే అభ్యాసం నా దగ్గర లేదు.

తర్వాత వాలు. నిలువు నుంచి సుమారు 45 డిగ్రీలు దాటి బయటికి వాలే భాగానికి కింద ఆసరా కావాలి. ఆసరా అంటే వృథా ప్లాస్టిక్, వృథా సమయం, గరుకైన అడుగు. కాబట్టి ఆసరా పెట్టడం నేర్పకముందు ఆసరా అవసరం లేకుండా గీయడం నేర్పండి. ముక్క నిలిచే పలక, అంటే ప్రింట్ బెడ్‌కి ఆనే అంచుని గుండ్రంగా చేస్తే మొదటి పొరలు గాలిలోకి వాలతాయి, అదే అంచుని 45 డిగ్రీల వాలుగా కోస్తే హాయిగా వస్తుంది. అడ్డంగా పడుకున్న రంధ్రాన్ని నీటిచుక్క ఆకారంలో గీస్తే పైకప్పు జారదు. ఇలాంటివి ఒక్కొక్కటీ ఒక్కో ముక్కలో చూపించాలి.

అంకెలు కొన్ని గోడ మీద అతికించండి. మామూలు నాజిల్ (ప్లాస్టిక్ బయటికి వచ్చే మూతి) 0.4 మిల్లీమీటర్లు, కాబట్టి గోడ మందం దాని గుణిజాల్లో, కనీసం 1.2 ఉంటే మంచిది. ఒకదానిలో ఒకటి కదలాల్సిన భాగాల మధ్య ఒక్కో వైపు 0.2 నుంచి 0.4 దాకా ఖాళీ. రంధ్రాలు గీసినదానికన్నా కాస్త చిన్నగా వస్తాయి. మొదటి పొర బెడ్ మీద నలిగి కొంచెం బయటికి పరుచుకుంటుంది. బలం కావాలంటే లోపలి ఖాళీని నింపే జాలీ, అంటే ఇన్‌ఫిల్ పెంచడం కన్నా గోడల వరసలు పెంచడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. పీఎల్ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో పెట్టే వస్తువుకి అది పనికిరాదు. ఇవన్నీ మొదటి అంచనాలే. లేజర్‌కి గేజ్ చేసినట్టే ప్రింటర్‌కీ ఒక గేజ్ చేయించండి, వరసగా రంధ్రాలు, వాటిలో దూరే ఒక కడ్డీ.

30 మందికి రెండు ప్రింటర్లు అంటే లెక్క ముందే వేయాలి. మనిషికి గంట ప్రింట్ అంటేనే ఒక్కో మెషీన్ 15 గంటలు నడవాలి. అందుకని సెమిస్టర్ రెండో సగంలో వచ్చే ప్రాజెక్టు ముందు వరకు గంటలోపు అయ్యే ముక్కలే ఒప్పుకోండి. అన్ని వైపులా రెట్టింపు చేస్తే ఘనపరిమాణం 8 రెట్లు అవుతుందని, సమయం కూడా ఎన్నో రెట్లు పెరుగుతుందని బోర్డు మీద లెక్క కట్టి చూపిస్తే వాళ్లే చిన్నగా గీస్తారు. ఒక డబ్బా మొత్తం ప్రింట్ చేయనక్కర్లేదు, మూత పట్టే అంచు మాత్రం కోసి ప్రింట్ చేస్తే పది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. ఇంకొక కఠిన నియమం: మోడల్‌ని పొరలుగా విడగొట్టి ప్రింటర్‌కి ఆదేశాలుగా మార్చే ప్రోగ్రాము, అంటే స్లైసర్‌లో పొరల ప్రివ్యూని కింద నుంచి పైదాకా మీకు చూపించి, ఎక్కడ ఇబ్బంది రావచ్చో తనే చెప్పాకే ఫైలు క్యూలోకి వెళ్లాలి. విఫలమయ్యే ప్రింట్లలో సగం అక్కడే ఆగిపోతాయి.

ప్రింటే కాని ఫైళ్ల గురించి చెప్పారు. ప్రింటర్‌కి మోడల్‌ని పంపడానికి మామూలుగా వాడే ఎస్‌టీఎల్ ఫైలులో త్రిభుజాలు మాత్రమే ఉంటాయి, వాటి కొలతలు మిల్లీమీటర్లో అంగుళాలో అందులో రాసి ఉండదు. వస్తువు 25.4 రెట్లు చిన్నగానో పెద్దగానో వచ్చిందంటే కారణం అదే. త్రీఎమ్‌ఎఫ్ ఫైలు యూనిట్లని కూడా మోస్తుంది, వీలైతే అదే వాడించండి. మిగతా ఇబ్బందుల్లో చాలావరకు మోడల్ పూర్తిగా మూసుకోకపోవడం వల్ల వచ్చేవి: చిన్న కంత, తిరగబడిన ముఖం, మందం లేని రెక్క. నీళ్లు పోస్తే ఎక్కడా కారకూడదు అని చెప్తే విద్యార్థులకి వెంటనే అర్థమవుతుంది. ఇంటర్నెట్ నుంచి దించిన మోడళ్లూ, ఏఐతో పుట్టించిన మోడళ్లూ ఎక్కువగా మెష్‌లే. చూడటానికి బాగుంటాయి, కొలత మార్చబోతే పట్టు దొరకదు. అలంకారానికి వాడుకోనివ్వండి, ఇంకోదానికి అతకాల్సిన భాగానికి మాత్రం ఒప్పుకోవద్దు.

భద్రత గురించి చర్చ లేదు. పీవీసీ, వినైల్ లేజర్‌లో పెట్టకూడదు, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తుల్నీ మెషీన్‌నీ రెండిటినీ తినేస్తుంది. ఏ ప్లాస్టికో తెలియని షీటు లోపలికి వెళ్లదు. లేజర్ నడుస్తున్నంతసేపు ఒకరు కదలకుండా పక్కనే ఉండాలి. పొగ బయటికి లాగే ఫ్యాన్ ఆగిపోతే పని ఆగిపోవాలి. ఈ నాలుగు మాటలు ప్రతి విద్యార్థీ మీకు తిరిగి అప్పజెప్పాకే తాళం చేతికివ్వండి.

సెమిస్టర్ రెండో సగానికి ఒకే ప్రాజెక్టు పెట్టండి. షరతులు రెండు. అది రెండు పద్ధతులతో, రెండు పదార్థాలతో తయారవ్వాలి. మీరు డిజైన్ చేయని ఒక బయటి వస్తువుకి, అంటే సీసాకో, చెక్క కడ్డీకో, సైకిల్ హ్యాండిల్‌కో కచ్చితంగా అతకాలి. రెండో షరతు చాలా ముఖ్యం. అంతా తానే గీస్తే తప్పుని తప్పుతో సర్దుకోవచ్చు, బయటి వస్తువు సర్దుకోదు. విరిగిన భాగానికి బదులు భాగం చేయడం కూడా మంచి ప్రాజెక్టే, కొలవడం, ఎందుకు విరిగిందో ఆలోచించడం రెండూ ఉంటాయి.

కంప్యూటర్ తెరవకముందు అట్టతో నమూనా చేయించండి. కత్తెర, అట్ట, టేపుతో అరగంటలో ఐదు ఆలోచనలు చూడొచ్చు, స్క్రీన్ మీద అదే అరగంటలో ఒకదానికి మూలలు గుండ్రం చేస్తూ కూర్చుంటారు. 1920ల్లో జర్మనీలోని బౌహౌస్ డిజైన్ పాఠశాల ప్రాథమిక కోర్సులో జోసెఫ్ ఆల్బర్స్ విద్యార్థులకి కాగితం ఇచ్చి, వృథా లేకుండా ఆ కాగితం గుణంతోనే ఏం నిలబెట్టగలరో చూపమనేవారు. మెషీన్లు మారాయి, ఆ పాఠం అవసరం మారలేదు. నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో ఎంఐటీలో మొదలుపెట్టిన తయారీ కోర్సు కూడా వారానికొక పద్ధతి, వారానికొక వస్తువు అన్న లయ మీదే నడుస్తుంది. సాంకేతిక నేపథ్యం లేనివాళ్లు కూడా అందులో పెద్ద సంఖ్యలో చేరారు. తనకి కావాల్సిన వస్తువు చేసుకోవడానికి కావాల్సినంత నేర్చుకోవడం మనిషికి సహజం.

మార్కుల గురించి రెండు మాటలు. సమీక్ష రోజు స్క్రీన్లు మూసేయించండి. బల్ల మీద వస్తువు, పక్కన దాని విఫలమైన నమూనాలు, నోటుబుక్కు. రెండరింగ్‌కి మార్కులు ఉండవని మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే చివరి వారం అంతా వెలుగులూ నీడలూ సర్దుకోవడానికే పోతుంది. నోటుబుక్కులో కొలతలు, ఏది పట్టలేదు, ఎందుకు పట్టలేదు, ఏ అంకె మార్చారు అన్నవి ఉండాలి. దానికి కనీసం మూడోవంతు మార్కులు కేటాయించండి. ఇంకో పావువంతు ఫైలుకి. ఎలాగంటే, ఇద్దరు విద్యార్థులు ఫైళ్లు మార్చుకుని, ఎదుటివారి వస్తువుని వారిని ఏమీ అడగకుండా తయారుచేయాలి. భాగాలకి పేర్లు పెట్టనివాళ్లు, పనుల వరుస గందరగోళంగా ఉంచినవాళ్లు ఆ రోజు తోటివారి ముఖం చూసి నేర్చుకుంటారు. డిజైనర్ ఫైలు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోకే వెళ్తుంది కదా.

ఒక్క సలహా మీకు, బోధనకి సంబంధించి. విద్యార్థి మౌస్ మీరు పట్టుకోవద్దు. ఎంత ఆలస్యమైనా, వెనక నిలబడి ఎంత చిరాకేసినా, మాటతోనే చెప్పండి. మీరు మౌస్ తీసుకుని నాలుగు క్లిక్కుల్లో సరిచేస్తే పని అవుతుంది, నేర్చుకోవడం ఆగుతుంది. జంటగా కూర్చునేవాళ్లలో కూడా బాగా వచ్చినవారు మాట చెప్పాలి, రానివారు చేయాలి. గేములు ఆడి కంప్యూటర్ అలవాటున్నవాళ్లు మొదటి రెండు వారాలు దూసుకుపోతారు, మిగతావాళ్లు టెన్షన్ పడతారు. క్యాలిపర్, అట్ట, గేజ్ మధ్యలో ఉంటే ఆ తేడా తొందరగా తగ్గుతుంది. చేతిపని బాగా వచ్చినవాళ్లు ముందుకొస్తారు.

సీఎన్‌సీ రౌటర్ ఈ సంవత్సరం కొనొద్దనే చెప్తాను. అది మంచి మెషీనే, గట్టి చెక్కతో నిజమైన ఫర్నిచర్ చేయొచ్చు. కానీ పనిముట్టు వ్యాసం వల్ల లోపలి మూలలు గుండ్రంగా వస్తాయని, ముక్కని బిగించడమే సగం పని అని, తిరిగే పనిముట్టు దగ్గర గ్లవ్స్, వదులు చొక్కా, విరబోసిన జుట్టు ఉండకూడదని నేర్పడానికే చాలా వారాలు కావాలి. మెషీన్ దగ్గర శిక్షణ ఉన్న మనిషి ఎప్పుడూ ఉండాలి, 30 మంది మొదటి సంవత్సరం విద్యార్థులతో మీరొక్కరే అది చేయలేరు. ఆ డబ్బులో కొంత పెట్టి మూడో ప్రింటర్, ఇద్దరికొకటి చొప్పున 15 క్యాలిపర్లు, సెమిస్టర్‌కి సరిపడా ప్లైవుడ్, అట్ట కొనండి. ప్లైవుడ్ మొత్తం ఒకే లాటులో తీసుకుంటే మందం తేడాలు తగ్గుతాయి. రౌటర్‌ని ఈ కోర్సు పూర్తిచేసిన రెండో సంవత్సరం విద్యార్థుల కోసం, ఒక టెక్నీషియన్ దొరికాక తెప్పించుకోండి.